జపాను బొమ్మల మీద నా తీర్పు

ఆ యేడు వానలు మొదలైన వారంలోనే మా కేబుల్ వాడు కొత్త ఛానెల్ ఒకటి కలిపాడు. సాయంత్రం ఐదింటి నుంచి ఏడింటి దాకా అందులో వరసగా నాలుగు జపాను బొమ్మల సీరియళ్ళు, హిందీ మాటలతో. నాలుగూ ఒకే సోమవారం మొదలయ్యాయి. ఐదయ్యేసరికి మా సెక్టర్ 7 వీధిలో ఆటలు ఆగిపోయేవి, సైకిళ్ళు గోడలకి ఆనుకునేవి. మాకు కలర్ టీవీ ఉండడం వల్ల చుట్టుపక్కల క్వార్టర్ల ఆడపిల్లలంతా మా ముందుగదిలోనే చేరేవాళ్ళు. వాళ్ళ నాయకురాలు మా చెల్లెలు. దానికి పదకొండేళ్ళు. నాకు పంతొమ్మిది.

పంతొమ్మిదేళ్ళకి నాకు పెద్దగా ఏమీ చేతకాదు గానీ, చిన్నచూపు చూడడం మాత్రం బాగా వచ్చు. అప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరం. లెక్చరర్ల ఇంగ్లీషు నచ్చేది కాదు, తోటి అమ్మాయిల నవ్వులు నచ్చేవి కావు, వీధి చివర బేకరీ వాడి కేకులు చూస్తేనే మొహం ముడుచుకునేదాన్ని. ఇది నాకు అమ్మ నుంచి వచ్చిన గుణం. అమ్మది విజయనగరం పక్క. పెళ్ళయి భిలాయి వచ్చి ఇరవై రెండేళ్ళయినా ఇక్కడి నీళ్ళనీ, ఇక్కడి చింతపండునీ, ఇక్కడి టైలర్లనీ ఒక్కనాడు మెచ్చుకోలేదు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి అదే పని కాస్త పెద్ద మాటలతో చేసేదాన్ని.

మా తెలుగు సంఘం వాళ్ళు నెలనెలా ఒక పత్రిక వేసేవారు. వైశాలి నగర్‌లో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యేది. సగం పేజీలు సంఘం వారి సన్మానాలు, పావు వంతు పెళ్ళి ఫొటోలు, మిగిలిన చోట తెలుగుతల్లి మీద పద్యాలు. ఆ పద్యాలు రాసినవాళ్ళ పిల్లల్లో ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. సంపాదకుడు ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఆఫీసరు, రుఆబాంధా సెక్టర్‌లో ఉండేవారు. ఉగాదికి పెట్టిన వ్యాసాల పోటీలో నాకు మొదటి బహుమతి ఇచ్చినాయన ఆయనే. ఒక ఆదివారం స్కూటరు మీద మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ సగం తాగి, సంగతి చెప్పారు.

"ఈ జపాను బొమ్మలొచ్చాక పిల్లలు పాడైపోతున్నారని తల్లిదండ్రులంతా గోల పెడుతున్నారమ్మా. నీది పదునైన కలం. నాలుగు సీరియళ్ళూ చూసి, నీకు చూడగానే ఏమనిపించిందో రాసిపెట్టు. మొదటి అభిప్రాయం. రెండు పేజీలు. మొహమాటపడొద్దు."

మొహమాటమా, నాకా? ఆ సాయంత్రమే కొత్త నోట్‌బుక్ తీశాను. మొదలైన సోమవారం ఒక్కో సీరియల్‌కి ఒక్కో ఎపిసోడ్ చూసి ఉన్నాను, అది చాలనుకున్నాను. అంతకంటే ఎక్కువ చూడడం వాటికి గౌరవమివ్వడం అవుతుందని నా నమ్మకం.

మొదటిది గొడుగు పిల్ల కథ. ఒక బడిపిల్ల గొడుగు తెరిచి మూడుసార్లు తిప్పితే వాన దేవతగా మారిపోతుంది. మారడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ దాన్ని చంపడానికొచ్చిన రాక్షసుడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు, రేషన్ క్యూలో నిలబడ్డంత బుద్ధిగా. పిల్ల కళ్ళు మొహంలో సగం ఆక్రమించేశాయి, ముక్కుకి చోటు మిగలక రెండు చుక్కలతో సరిపెట్టారు. దాని వెంట మాట్లాడే కప్ప ఒకటి. హిందీలో ఆ పిల్లకి గొంతు అరువిచ్చినావిడకి నలభై ఏళ్ళకి తక్కువుండవు. "నేను మీ అందరినీ కాపాడతాను" అని ఆ గొంతుతో అంటే, సొసైటీ ఎన్నికల్లో నిలబడినట్టుంది.

రెండోది టేబుల్ టెన్నిస్. ఒక కుర్రాడు బంతి ఎగరేస్తాడు. బంతి గాలిలో ఆగిపోతుంది. వాడికి చచ్చిపోయిన తల్లి గుర్తొస్తుంది, తల్లి చేసిన ముద్ద గుర్తొస్తుంది, ముద్ద తిన్న రోజు పడిన మంచు గుర్తొస్తుంది. ప్రకటనలు. తిరిగొచ్చేసరికి బంతి ఇంకా గాలిలోనే ఉంది. ఇప్పుడు ఎదుటివాడికి వాడి తల్లి గుర్తొస్తుంది. ఎపిసోడ్ అయిపోయింది. బంతి బల్లని తాకలేదు.

మూడోది వంటల పోటీ. ఈ ఒక్కదాన్నీ అమ్మ కూడా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఒక అమ్మాయి సేమ్యాలాంటిదేదో వండుతుంది, న్యాయనిర్ణేత ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే వెనకాల సముద్రం లేస్తుంది, తిమింగలాలు ఎగురుతాయి, ఆయన బోరున ఏడుస్తాడు.

"ఎందుకేడుస్తన్నాడే ముసలోడు?" అంది అమ్మ.

"రుచికి."

"ఉడకనేదు అది. సూడు, ఇంకా పొడుగ్గా నిలబడే ఉన్నాయి. అన్ని ఉల్లిపాయలు తరిగింది, దాని కంట ఒక్క సుక్క నీరు రానేదు. తిన్నోడేమో ఏడుస్తన్నాడు." అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటల్ని నేను నా పేరు మీద రాసేసుకున్నాను.

నాలుగోది ఇనప మనిషి కథ. సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఊరిని ముంచడానికి ప్రతి యేడూ ఏదో భూతం వస్తుంటుంది. ఒక ముసలి కమ్మరీ అతని మనవరాలూ ఊళ్ళో పాత లంగర్లూ, కుండలూ, విరిగిన నాగళ్ళూ పోగేసి, కరగబెట్టి, తాటిచెట్టంత ఇనప మనిషిని పోతపోయడం మొదలుపెడతారు. మొదటి ఎపిసోడ్‌లో అయ్యేది ఒక్క కుడిచెయ్యి. మాటలు తక్కువ. ఇరవై నిమిషాలూ మంట, పొగ, కాలవలో పారే ఎర్రటి ఇనుము, దాన్ని చూస్తూ నిలబడ్డ ముసలాళ్ళు. మా చెల్లెలి గుంపు నోళ్ళు తెరుచుకుని చూసింది. నేను గడియారం చూశాను.

నా వ్యాసంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ దీనికే వేశాను. నాకు బాగా నచ్చిన భాగం ఇది, ఇప్పటికీ నోటికొచ్చు:

"ఇనుము కరగడం చూడడానికి భిలాయివాళ్ళకి టీవీ కావాలా? పోనీ సరిగ్గా గీశారా అంటే అదీ లేదు. మన ఇళ్ళల్లో గోడకున్న ప్లాంటు కేలండర్ చూడండి, కరిగిన ఇనుములోంచి నిప్పురవ్వలు ఎంత ఎత్తుకి, ఎంత ఠీవిగా లేస్తాయో. ఇక్కడ మాత్రం బెల్లం మీద ఈగలు ముసిరినట్టు కాలవ మీదే గుంపుగా చిటపటలాడతాయి. గీసిన మహానుభావుడు జన్మలో ఫర్నేసు మొహం చూసి ఉండడు. ఇక ఆ నిప్పుని తదేకంగా చూస్తూ నిలబడే ముసలాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. పని లేనివాళ్ళు."

సంపాదకుడు ఒక్క అక్షరం మార్చలేదు. నెల తిరిగేసరికి పత్రిక వచ్చింది. సంఘంలో అందరూ నవ్వారని, ఒకాయన తన కూతురికి టీవీ మాన్పించాడని కబురొచ్చింది. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

మా చెల్లెలికి తెలుగు చదవడం రాదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు, మూడూ కలిపి మాట్లాడేది. నన్ను 'దీదీ' అనేది, అమ్మ ప్రతిసారీ 'అక్క అనవే' అని దిద్దేది. పత్రిక పట్టుకుని నా దగ్గరికొచ్చి, "దీదీ, మా సీరియల్స్ గురించి ఏం రాశావు? చదువు" అంది. చదివాను, నా గొంతు నాకే ముద్దొస్తుంటే. మొదటి మూడింటికీ అది పడీపడీ నవ్వింది. నాలుగోదానికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"నువ్వు ఒక్క ఎపిసోడే చూశావు కదా."

"ఒక్కటి చాలు."

"చీటింగ్ అది," అని లేచి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ దాని అభిప్రాయంతో నాకేం పని?

నాన్న బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసేవాడు. శ్రీకాకుళం జిల్లాలో ఎనిమిదో క్లాసు దాకా చదివి, బావమరిది వెంట ఇక్కడికొచ్చి చేరాడు. ఫర్నేసు అడుగున కన్నం తెరిచి కరిగిన ఇనుముని కాలవల్లోకి దింపే ముఠాలో ఇరవై నాలుగేళ్ళుగా ఉన్నాడు. ఇంట్లో ఆ పని గురించి మాట్లాడేవాడు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. షిఫ్టు అయి వస్తే స్నానం, భోజనం, నిద్ర. టీవీలో వార్తలు తప్ప ఏమీ చూడడు. చదువుకున్న స్నేహితురాళ్ళు ఇంటికొస్తే, ఆయన అలా బనీనుతో ముందుగదిలో కూర్చోవడం నాకు చిన్నతనంగా ఉండేది. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

నా వ్యాసం ఉన్న పత్రికని నాన్న టిఫిన్ సంచీలో పెట్టుకుని డ్యూటీకి తీసుకెళ్ళాడని నాకు తెలీదు. ఆయన తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, పెదాలు కదుపుతూ. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, భోజనం చేసి, పడుకోలేదు. నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఒలే, ఆ ఇనప మనిసి బొమ్మ ఎన్ని గంటలకొస్తాది?"

"ఆరున్నరకి. ఎందుకు నాన్నా?"

"సూద్దారని."

అప్పటికి ఆ ఛానెల్ దగ్గరున్న ఎపిసోడ్‌లన్నీ అయిపోయి, నాలుగు సీరియళ్ళనీ మళ్ళీ మొదటినుంచి వేస్తున్నారు. ఇంతకంటే దరిద్రం ఉంటుందా అని నేను అనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు ఇనప మనిషి మొదటి ఎపిసోడే. పిల్లలు చాప మీద సర్దుకుని నాన్నకి కుర్చీ వదిలారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాన్న నా వ్యాసం చదివాడనీ, చూసి నవ్వుకుంటాడనీ నా ఊహ.

నాన్న నవ్వలేదు. కాలవలోకి ఇనుము దిగే చోటు రాగానే మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకి వంగాడు. రవ్వలు కాలవ మీద గుంపుగా చిటపటలాడుతున్నాయి. బొమ్మల్లో ముసలాళ్ళు కళ్ళు చికిలించి చూస్తున్నారు. నాన్న కూడా అచ్చం అలాగే చికిలించి చూస్తున్నాడు.

"బాగానేదు ఆ ఇనుం," అన్నాడు మెల్లగా. "సిలికాను నేదు దాన్లో. పాత సామానంతా ఏసి కరగబెట్టేసినారు, కొలిమికి వేడి సాలనేదు. ఈ సెయ్యి నిలబడదు. బరువెత్తగానే ఇరిగిపోతాది, గాజులాగ."

మా చెల్లెలు గిరుక్కున తిరిగింది. దాని మొహం చూడగానే నాకర్థమైంది, నాన్న చెప్పింది నిజమని.

"నాన్నా! ఆప్‌కో కైసే పతా? నువ్వు చూడలేదు కదా! మూడో ఎపిసోడ్‌లో పడవ ఎత్తుతాడు, అప్పుడు టూట్ జాతా హై! ఎవరైనా చెప్పారా నీకు?"

"ఎవులు సెప్తారు? ఆ నిప్పుసుక్కలే సెప్తన్నాయి కదా," అన్నాడు నాన్న టీవీ వైపు చెయ్యి చూపించి.

పిల్లలంతా నాన్న చుట్టూ చేరారు. ఇనుము మంచిగా, సిలికాన్ బాగుండి దిగితే రవ్వలు తక్కువగా, ఒకటీ అరా, ఎత్తుకి లేస్తాయని ఆయన చెప్పాడు. సిలికాన్ తగ్గిపోతే సన్నగా, దట్టంగా, కాలవని అంటుకునే ఆడతాయట. అటువంటి ఇనుముతో పోత పోస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉంటుంది గానీ పెళుసు, దెబ్బకి పగిలిపోతుంది. ల్యాబ్ నుంచి కాగితం రావడానికి టైము పడుతుంది, ఆలోగా ముఠాలో పాతవాళ్ళు కాలవ పక్కన నిలబడి రవ్వలు చూసే సిలికాన్ ఇంత ఉంటుందని చెప్పేస్తారట. నాన్న చెప్పినదానికీ కాగితంలో వచ్చినదానికీ తేడా ఉండడం అరుదు. ఇది ఆయన గొప్పగా చెప్పలేదు, కూరలో ఉప్పు చూసి చెప్పినట్టు చెప్పాడు.

"ఈ బొమ్మ గీసినోడు ఫర్నేసు కాడ నిలబడ్డోడే," అన్నాడు. "మన కేలండరు ఫొటో మంచి రోజు సూసి తీసింది."

ఆ చివరి మాట నాకే. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఏదో కుదిరిందిలే నాన్నా. చెయ్యి విరగాలని కథలో రాసుకున్నారు, విరిగింది. రవ్వల కోసమా అంత ఆలోచిస్తారు వాళ్ళు?"

"అలగే అనుకో," అన్నాడు నాన్న. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

భోజనం దగ్గర నాన్న తనకి చెప్పిన సంగతంతా అమ్మ నాకు చెప్పింది, వంటింట్లో, గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ. నాన్న నా వ్యాసాన్ని క్యాంటీన్‌లో తన ముఠా ముందు పెట్టాడు. ముఠాలో మనవాళ్ళు ముగ్గురు, మిగిలినవాళ్ళు ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, బీహారీలు. కూతురు రాసిందని ఒక్కో వాక్యం చదివి హిందీలో చెప్తూ వచ్చాడు. గొడుగు పిల్లకీ, గాలిలో బంతికీ అందరూ నవ్వారట. ఇనప మనిషి దగ్గరికొచ్చాక నాన్నకి తన గొంతు తనకే వినపడింది. ఆపేద్దామనుకున్నాడు, కానీ ఒకాయన 'చదువు చదువు' అని పట్టుబట్టాడు. 'నిప్పుని చూస్తూ నిలబడేవాళ్ళు పని లేనివాళ్ళు' అన్న వాక్యం రెండుసార్లు చదివించారట నాన్న చేత.

"మరి వాళ్ళేమన్నారు?"

"ఏటంటారు? నీ కూతురు పెద్ద సదువు సదివింది, మనకి పని నేదని సెప్పింది అని నవ్వినారంట. ఆ నవ్వు ఏరే." అమ్మ గిన్నె బోర్లించింది. "నువ్వు నా నోరు తెచ్చుకున్నావు. నాను సింతపండుని తిట్టినాను గానీ మనుసుల్ని తిట్టినానేటి?"

తిట్టింది, చాలామందినే తిట్టింది. కానీ అది చెప్పే సమయం కాదు.

పెరట్లో నాన్న బట్టలుతుక్కునే రాయి మీద కూర్చుని ఉన్నాడు. వాన వెలిసి వెలుతురు ఇంకా ఉంది. నేను వెళ్ళి నిలబడ్డాను. క్షమించమని అడగడం నాకప్పటికి అలవాటు లేదు, అందుకని కోపంగా అడిగాను.

"రవ్వల సంగతి ఇంతకాలం ఎందుకు చెప్పలేదు నాకు?"

"నువ్వెప్పుడైనా అడిగినావేటి?" అని, రెండు ముంజేతులూ ముందుకి చాపాడు. "ఇవేటనుకున్నావు?"

మోచేతుల కింద నుంచి మణికట్టు దాకా బియ్యపు గింజలంత మచ్చలు, కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే.

"అమ్మవారు పోసిన మచ్చలు అనుకున్నాను."

నాన్న నవ్వాడు, ఈసారి మామూలు నవ్వే. "నాకు అమ్మోరు పొయ్యనేదే ఎప్పుడూ. సుక్కలే ఇవి. కోటు సందులోంచి దూరిపోతాయి."

పంతొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, కేలండర్ని నమ్మి, ఆ చేతుల్ని చూడనిదాన్ని నేను ప్రపంచానికి తీర్పులు చెప్తున్నాను. నా మీద నాకు అంత చిన్నచూపు అంతకుముందెప్పుడూ కలగలేదు. ఆ విద్య ఇటు వైపు కూడా పనిచేస్తుందని ఆ రోజే తెలిసింది.

మర్నాటి నుంచి ఐదయ్యేసరికి నేనూ చాప మీద కూర్చున్నాను. న్యాయంగా ఉండాలని నాలుగూ చూశాను. గొడుగు పిల్ల రెండోసారి చూస్తే ఇంకా ఘోరంగా ఉంది. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఆ కప్ప నిజానికి రాజకుమారుడని తేలింది, దానికి గొంతిచ్చినాయన మాత్రం పాన్ నములుతూనే మాట్లాడాడు. టేబుల్ టెన్నిస్ బంతి నాలుగో ఎపిసోడ్‌లో బల్లని తాకింది, తాకి అవుటయింది. వంటల పోటీలో ఏడ్చేవాళ్ళ సంఖ్య పెరిగింది, వంట మెరుగుపడలేదు. ఆ మూడింటి మీద నేను రాసిన ఒక్క మాటా వెనక్కి తీసుకోను.

ఇనప మనిషి దగ్గర మాత్రం నోరు మూసుకుని కూర్చున్నాను. మూడో ఎపిసోడ్‌లో చెయ్యి విరిగింది, తెల్లటి విరుపుతో. ఊరివాళ్ళు ముసలాయన్ని తిట్టి వెళ్ళిపోయారు. ఆయన విరిగిన ముక్క చేతిలో తిప్పి చూసి, మనవరాలికి ఇచ్చి, మళ్ళీ కొలిమి కట్టడం మొదలుపెట్టాడు. ఐదో ఎపిసోడ్‌లో రెండో పోత. ఈసారి రవ్వలు ఒకటీ అరా ఎత్తుకి లేచాయి. నాన్న ఆ వారం సెకండ్ షిఫ్టులో ఉన్నాడు. మా చెల్లెలు నా మోచెయ్యి పొడిచి, "దీదీ, అబ్ ఠీక్ హై నా?" అంది. అవునన్నాను.

సవరణ రాసి రుఆబాంధా వెళ్ళాను, సైకిలు మీద. పేజీన్నర. కేలండర్ సంగతి, సిలికాన్ సంగతి, పని లేనిది ఎవరికో ఆ సంగతీ రాశాను. సంపాదకుడుగారు వరండాలో కూర్చుని అద్దాలు తుడుచుకుని చదివారు.

"బాగానే రాశావమ్మా. కానీ వెయ్యడం కష్టం."

"ఎందుకండీ?"

"మనం మొదటి అభిప్రాయం అన్నాం కదా. ఇప్పుడు రెండో అభిప్రాయం అంటే పత్రికకి నిలకడ లేదనుకుంటారు. పైగా నీ మొదటిదానికి ఎంత పేరొచ్చిందనుకున్నావ్!"

"మీరు ప్లాంటులో పనిచేస్తారు కదండీ. రవ్వల గురించి నేను రాసింది తప్పని మీకు తెలీదా?"

ఆయన కాస్త ఇబ్బందిగా కదిలారు. "నాది ఆఫీసమ్మా. ఫర్నేసు వైపు వెళ్ళి ఎన్నేళ్ళయిందో. అయినా అంత లోతుగా ఎవరు చూస్తారు? నవ్వొచ్చింది, వేశాం."

వరండా గోడకి అదే కేలండర్ వేలాడుతోంది. నేను ఆయన్ని చూసిన చూపులో గౌరవం లేదు. ఆయన ఇచ్చిన బిస్కెట్ కూడా తినలేదు. దారి పొడుగునా తిట్టుకుంటూ తొక్కాను. సగం తిట్లు ఆయనకి, సగం నాకు.

ఆ కాగితాలు నాన్నకిచ్చాను. "పత్రికలో వెయ్యరట. మీ క్యాంటీన్‌లో చదువు, చదవాలనిపిస్తే."

నాన్న మడతపెట్టి టిఫిన్ సంచీలో పెట్టుకున్నాడు. మూడో రోజు భోజనం చేస్తూ, ఎవరూ అడక్కుండానే అన్నాడు:

"సదివినాను. నీ తెలుగు మరీ పెద్దది, నాకే సగం తెలీనేదు. హిందీలో సెప్పుకొచ్చినాను నాకు తోచినట్టు."

"ఏమన్నారు?"

"మా ఛత్తీస్‌గఢ్ ఆయన ఒకడున్నాడు, నాకంటే సీనియరు. అప్పుడు రెండుసార్లు సదివించినోడు ఆడే. ఈసారీ రెండుసార్లు సెప్పమన్నాడు." నాన్న మజ్జిగ పోసుకున్నాడు. "ఆడి మనవలు సూస్తారంట ఆ బొమ్మ. ఈ ఆదివారం ఆడూ సూస్తానన్నాడు."

నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను. అమ్మ అది చూసి, పప్పులో కారం ఎక్కువైందేమో అని ఇక్కడి మిరపకాయల్ని తిట్టింది.

చివరి ఎపిసోడ్ వచ్చిన రోజు నాన్నకి వారపు సెలవు. అమ్మతో సహా అందరం కూర్చున్నాం. ఇనప మనిషి పూర్తయ్యాడు, భూతంతో తలపడ్డాడు, గెలిచాడు. అక్కడితో ఆపొచ్చు కదా. ఆపలేదు. ఊరంతా ఏడుస్తుంటే ఇనప మనిషి ఆ పిల్లకి టాటా చెప్పి, పాట వస్తుండగా సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మోకాళ్ళు, నడుము, మెడ, తల. నీళ్ళ మీద ఒక్క బుడగ. మా చాప మీద ఆడపిల్లలంతా వెక్కివెక్కి ఏడుస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పని తెలిసినవాళ్ళు, ఇంత ఓపిగ్గా పోత పోసినవాళ్ళు, చివరికి ఇలాంటి చవకబారు ఏడుపుకి దిగజారుతారా! అనాలని నోటిదాకా వచ్చింది. నాన్న వైపు చూసి ఆగిపోయాను. ఆయనకి నచ్చిందేమో, నాకేం తెలుసు?

నాన్న కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, పేర్లు పడుతున్న తెరని చూస్తున్నాడు. మొహంలో పరమ అసహ్యం.

"ఎంత కట్టపడి పోసినారు," అన్నాడు. "ఉప్పునీళ్ళలోకి పంపీసినారు ఎదవలు. రెండు వానాకాలాలకి తుప్పట్టి సచ్చిపోతాడు."

"చివర బాగోలేదు కదా నాన్నా?"

"దరిద్రంగా ఉంది."

"పాట మరీ ఘోరం."

"ఆ పాటొకటి," అన్నాడు నాన్న.

మా చెల్లెలు కన్నీళ్ళతోనే మా ఇద్దరి మీదకీ దిండు విసిరింది. మేం ఆపలేదు. ఊరివాళ్ళు ఏడవడానికి బదులు రంగేసుంటే సరిపోయేదని నేనన్నాను, కనీసం గ్రీజైనా రాయాల్సిందని నాన్నన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్తూ, ఆ పిల్ల మొదటినుంచీ ఒకే గౌను వేసుకుందని అంది. అలా ఏడింటి వార్తలు మొదలయ్యేదాకా ముగ్గురం ఆ సీరియల్‌ని తిడుతూనే ఉన్నాం.